చేర్చే ముందు కంచె చూడండి

కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి, కలిదిండి మండలాల్లో పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ ఈ హెచ్చరిక. జూన్ వచ్చింది. నర్సరీల ఫ్లెక్సీలు కరెంటు స్తంభాలెక్కాయి. ఇంగ్లీషు రైమ్స్, ఏసీ గది, స్మార్ట్ బోర్డు, ఇంటి ముందుకే వ్యాను. వీటిలో ఏ ఒక్కటీ మీ మూడేళ్ల బిడ్డ ప్రాణానికి పూచీ కాదు. బడి గేటుకూ దగ్గర్లో ఉన్న నీళ్లకూ మధ్య ఏముందో ముందు అది చూడండి.

మన దగ్గర నీళ్లు లేని దిక్కు లేదు. వరి పండిన నేలల్ని చేపల చెరువులు చేసుకున్నాం. ఇంటి వెనక చెరువు, ముందు పంటబోదె, రోడ్డు పక్కన మురుగు కాలువ. ఆపైన వానాకాలం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లన్నీ కొల్లేటిలో చేరి ఒక్క ఉప్పుటేరు గుండానే సముద్రానికి పోవాలి. అది లాగకపోతే లంక గ్రామాల దారులు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్లు ఆ తర్వాత ఎటు వచ్చాయో కొల్లేటి వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"మా పిల్లలకు నీళ్లు కొత్తా ఏంటి?" అనే ధీమా మనలో చాలామందికి ఉంది. ఉండకూడని ధీమా అది. నీళ్ల మధ్య పుట్టినంత మాత్రాన మూడేళ్ల పిల్లకు ఈత రాదు. పడితే కేకేస్తుందిలే, వినబడుతుందిలే అనుకోవడం ఇంకా ప్రమాదం. మునిగే పసిబిడ్డ అరవదు, అరవలేదు. చప్పుడు లేకుండా రెండు మూడు నిమిషాల్లో అంతా అయిపోతుంది. నీటిలో మునిగి చనిపోయే ముప్పు ఒకటి నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకే అన్ని వయసుల కన్నా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మనలాగే చెరువుల మధ్య బతికే బంగ్లాదేశ్ పల్లెలు ఈ సంగతి ముందే పట్టుకున్నాయి. అక్కడ పిల్లలు ఎక్కువగా నీటిపాలయ్యేది పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట లోపు అని తేలింది. తల్లి పొయ్యి దగ్గరో పొలంలోనో ఉండే వేళ అది. సరిగ్గా ఆ వేళకే ఊళ్లోనే ఒకరింట్లో 'ఆంచల్' పేరుతో పిల్లల కేంద్రాలు నడిపారు. ఊరి మనిషే ఒకామె, ఆమెకు ఒక సాయం, పాతిక మంది దాకా పిల్లలు, ఆటలు, పాటలు. ఆ కేంద్రాలకు వచ్చిన పిల్లల్లో నీటిలో మునిగి చనిపోవడం 80 శాతానికి పైగా తగ్గిందని పరిశోధకులు లెక్కగట్టారు. 2022లో అక్కడి ప్రభుత్వం ఎనిమిది వేల కేంద్రాలకు మంజూరు ఇచ్చింది. అంటే మంచి నర్సరీ అన్నది మన ప్రాంతంలో చదువు సంగతి కంటే ముందు ప్రాణం సంగతి.

కాబట్టి ఫీజు అడిగే ముందు ఆవరణంతా ఒక చుట్టు తిరగండి. ప్రహరీ మధ్యలో తెగిపోయిందా? గేటు గడియ పిల్ల చేతికి అందేంత కిందికి ఉందా? నీళ్ల సంపుకూ సెప్టిక్ ట్యాంకుకూ పిల్లలు కదపలేని మూతలున్నాయా? నీళ్లు పట్టి ఉంచిన డ్రమ్ము, తొట్టి కూడా చూడండి, జానెడు లోతు చాలు ప్రాణం పోవడానికి. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లే స్కూళ్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలని, చుట్టూ గోడో కంచో ఉండాలని, మూడేళ్లు నిండని పిల్లల్ని చేర్చుకోకూడదని రాసుంది. విద్యాహక్కు చట్టం మాత్రం ఆరేళ్ల నుంచే మొదలవుతుంది. ఆ కింది వయసు పిల్లల బడిని తనిఖీ చేసే నాథుడు లేడన్న ధైర్యంతోనే అద్దె ఇళ్లలో, షాపుల పైఅంతస్తుల్లో బోర్డులు వెలుస్తున్నాయి. ఒక్కటే ఇరుకు మెట్లదారి ఉన్న చోట పిల్లల్ని కూర్చోబెడితే ఏమవుతుందో 2004 జులై 16న తమిళనాడులోని కుంభకోణం ఊరి బడి చూపించింది. వంటపాక నిప్పుకు 94 మంది చిన్నారులు బలయ్యారు.

తాగే నీళ్లు ఎక్కడివో కూడా అడగండి. మన భూగర్భ జలం ఉప్పు, క్యాను నీళ్లకు లెక్కాపత్రం లేదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛతో ఆసుపత్రుల పాలైతే రక్తంలో సీసం బయటపడింది. సీసం పెద్దల కన్నా పసివాళ్ల మెదడునే ఎక్కువగా దెబ్బతీస్తుంది.

అసలు గండం బడి వదిలాక ఉంది. తల్లి తెల్లవారకముందే రొయ్యల షెడ్డుకు తలలు తీయడానికి పోతుంది, తండ్రి చేపల పట్టుబడికి పోతాడు. ఒంటిగంటకు వ్యాను వచ్చి చెరువు గట్టు మొదట్లో ఆగుతుంది. పిల్లను దించి హారన్ కొట్టి వెళ్లిపోతుంది. అక్కడ నిలబడి ఉండేది ఏడేళ్ల అక్క, ఒక్కోసారి అదీ లేదు. పొద్దుటి నాలుగు గంటలూ ఎంత బాగా చూసుకున్నా ఈ పది నిమిషాలు ఎవరి ఖాతాలోవి? ఇంటి పెద్ద మనిషి చేతికి తప్ప పిల్లను దించబోమని రాసివ్వని నర్సరీ ఎంత పేరున్నదైనా మంచిది కాదు.

పని మీదుండే తల్లికి దారి లేకపోలేదు. కేంద్రం 'మిషన్ శక్తి' కింద 'పాల్నా' పేరుతో అంగన్‌వాడీలోనే రోజంతా నడిచే శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టుకునే వీలిచ్చింది. రొయ్యల షెడ్లున్న ప్రతి ఊరూ దాన్ని పంచాయతీ తీర్మానంతో అడగాలి. 1975 నుంచి నడుస్తున్న అంగన్‌వాడీని పేదల బడి అని చిన్నచూపు చూడటం మనకే నష్టం. కంచె, మరుగుదొడ్డి, ఇంకో ఆయా కావాలని సర్పంచిని నిలదీయండి.

చదువు మాటా ఒకటి చెప్పాలి. మూడేళ్ల పిల్లతో గీతల కాపీ నింపించే బడి గొప్పది కాదు. ఆ పిల్ల మన తెలుగులో ప్రశ్నలడగాలి, ఇసుకలో ఆడాలి, కథ వినాలి. విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి చెప్పింది ఈ దారే. విజయవాడలో కోటేశ్వరమ్మగారు 1955లో ఆ పేరుతోనే బడి పెట్టారు. మాంటిస్సోరి వచ్చి ఎనభై ఏళ్లు దాటినా మనం హోంవర్కు చూసి మురిసిపోతున్నాం.

యాజమాన్యాలకూ ఒక మాట. మీ సిబ్బందిలో ఇద్దరికైనా ఊపిరి అందించే శిక్షణ ఇప్పించండి. నీటిలోంచి తీసిన బిడ్డను తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కడం వల్ల ఉన్న కాస్త సమయమూ పోతుంది. ముందు నోటితో ఊపిరి అందించాలి, ఛాతీ నొక్కాలి, ఒకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి.

తల్లిదండ్రులారా, ఈ వారమే ఒక మధ్యాహ్నం బడి వదిలే వేళకు చెప్పకుండా వెళ్లి గేటు దగ్గర నిలబడండి. పిల్లల్ని లెక్కపెట్టి ఎక్కిస్తున్నారా, ఎవరి చేతికి అప్పగిస్తున్నారో చూడండి. లెక్క లేకపోతే కట్టిన ఫీజు పోయినా సరే, ఆ రోజే బిడ్డను మాన్పించండి.