జలుబు చేసిన అందరికీ ఫ్లూ పరీక్ష ఎందుకు చెయ్యరు?

వానలు మొదలయ్యాక పెరంబూరులో ఏ ఇంటికి వెళ్ళినా ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. "డాక్టరు పరీక్ష రాయకుండా పారాసిటమాల్ ఇచ్చి పంపేశారు, పట్టించుకోరా?" అని కొందరు తల్లులు అడుగుతున్నారు. పట్టించుకోక కాదండీ. దీని వెనక 2009 అనుభవం ఉంది.

ఆ ఏడాది మే 16న మన దేశంలో తొలి హెచ్1ఎన్1 కేసు హైదరాబాదులో బయటపడింది. అమెరికా నుంచి విమానంలో వచ్చిన ప్రయాణికుడది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది. మొదట్లో అధికారులు జబ్బును గుమ్మం దగ్గరే ఆపాలని చూశారు: విమానాశ్రయాల్లో తనిఖీ, అనుమానం ఉన్నవాళ్ళకు పరీక్ష, విడిగా ఉంచడం. కేసులు కొద్దిగా ఉన్నప్పుడు అది సరైన పనే. ఆగస్టులో పుణెలో ఒక బడిపిల్ల చనిపోయాక భయం పాకింది. మామూలు రొంప వచ్చినవాళ్ళు కూడా ఆసుపత్రుల ముందు బారులు తీరారు. అలాంటి క్యూలోనే జబ్బు అంటుకోవచ్చు. పైగా గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి ల్యాబుల మీద అంత భారం పడితే, నిజంగా ఆయాసపడేవాళ్ళ ఫలితం ఆలస్యమవుతుంది.

అందుకే కేంద్ర ఆరోగ్య శాఖ రోగుల్ని ఎ, బి, సి అని మూడు రకాలు చేసింది. కొద్దిపాటి జ్వరం, దగ్గు అయితే 'ఎ': పరీక్ష వద్దు, ఇంట్లోనే ఉండాలి, ఒకటి రెండు రోజుల్లో డాక్టరు మళ్ళీ చూడాలి. జ్వరం, గొంతునొప్పి బాగా ఎక్కువైతే, లేదా గర్భిణులు, 65 దాటినవాళ్ళు, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్ళయితే 'బి': పరీక్ష కోసం ఆగకుండానే డాక్టరు ఒసెల్టామివిర్ మొదలుపెట్టవచ్చు. ఆ మందు మొదటి 48 గంటల్లో వేస్తేనే బాగా పనిచేస్తుంది. 'సి' వాళ్ళకే పరీక్ష, ఆసుపత్రిలో చేరిక.

పద్ధతి మంచిదే, కానీ భారమంతా ఇంటివాళ్ళ కళ్ళ మీద పెట్టింది. 'ఎ' ఎప్పుడు 'సి' అయిందో చూడాల్సింది మీరే. పగలు పిల్లల దగ్గర ఉండేది చాలా ఇళ్ళలో అమ్మమ్మ, నాయనమ్మ. నోటీసులేమో అరవంలో, ఇంగ్లీషులో! కాబట్టి ఇది వాళ్ళకి చదివి వినిపించండి: ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, గోళ్ళు నీలంగా మారడం, కళ్ళెలో రక్తం, పిల్లలు తిండి మానెయ్యడం. వీటిలో ఏదున్నా కషాయాలతో కాలం గడపక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇంకొక లోటు బడులది. హాజరు పోతుందనో, టెస్టు పోతుందనో పొద్దున మాత్ర వేసి పంపేస్తారు. పదకొండింటికి మళ్ళీ ఒళ్ళు కాలుతుంది, అప్పటికి పక్క బెంచీకి కూడా అంటి ఉంటుంది. మందు లేకుండా జ్వరం తగ్గి ఒక పూర్తి రోజు గడిచాకే పంపండి. రాకపోతే కారణం క్లాసు టీచరుకు చెప్పండి, ఒకే క్లాసులో నలుగురికి జ్వరమని తెలిస్తేనే కార్పొరేషన్ ఆరోగ్య సిబ్బందికి కబురు పెట్టగలం.