దారిన పోయేవాడికి కనిపించని కంచె

కరెంటు కంచె అనగానే మనకు గుర్తొచ్చేది అడవిపందుల కోసం పొలం చుట్టూ దొంగచాటుగా లాగిన తీగ, తెల్లారి దాని పక్కన పడి ఉన్న మనిషి. అమెరికాలో పెంపుడు కుక్కల కోసం పెట్టే కరెంటు కంచె అలాంటిది కాదు. అసలది కంటికే కనిపించదు. పెరటి అంచు వెంట రెండు మూడు అంగుళాల లోతున సన్నటి తీగ పూడుస్తారు. గ్యారేజీలోని చిన్న పెట్టె ఆ తీగలోకి రేడియో సంకేతం పంపుతుంది. కుక్క మెడలోని కాలర్‌కు చర్మాన్ని తాకేలా రెండు లోహపు మొనలు ఉంటాయి. కుక్క తీగ దగ్గరికి వస్తే కాలర్ కీచుమంటుంది, ఇంకాస్త ముందుకు పోతే మెడ మీద షాక్ కొడుతుంది. 1973లో పేటెంట్ పొందిన ఈ ఉపాయానికి గిరాకీ ఎందుకుందో అక్కడి వీధులు చూస్తే తెలుస్తుంది. వరుసగా పచ్చిక, మధ్యలో గోడ లేదు, గేటు లేదు. చాలా కాలనీల్లో ఇళ్ల యజమానుల సంఘాలు, అంటే హెచ్‌వోఏలు, ఇంటి ముందు కంచె కట్టనివ్వవు. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కుని, పిల్లల పోరు పడలేక కుక్కను తెచ్చిన మనవాళ్లకు ఈ తీగ తేలికైన దారిలా తోస్తుంది. నా దృష్టిలో అది కంచె కాదు. కంచె చేయాల్సిన పనిలో సగం కూడా చేయదు.

మన ఇళ్ల ప్రహరీ సంగతే చూడండి. అది లోపలి కుక్కను బయటికి పోనివ్వదు, బయటి కుక్కను లోపలికి రానివ్వదు. అంతకన్నా ముఖ్యంగా, దారిన పోయేవాడికి తానెక్కడ నిలబడితే క్షేమమో చెబుతుంది. పూడ్చిన తీగ ఈ మూడింటిలో మొదటిదానికే పూచీ పడుతుంది. నక్కలాంటి కయోటీకి గానీ, పొరుగింటి కుక్కకు గానీ మెడలో కాలర్ లేదు కాబట్టి అవి నేరుగా లోపలికి వస్తాయి. వచ్చినదాన్ని తప్పించుకుని పారిపోదామంటే షాక్ తినేది మన కుక్కే. ఫుట్‌పాత్ మీద నడిచే పోస్ట్‌మ్యాన్‌కు కనిపించేది తన మీదికి మొరుగుతూ దూసుకొస్తున్న కుక్క ఒక్కటే, అది ఎక్కడ ఆగుతుందో, అసలు ఆగుతుందో లేదో అతనికి తెలిసే దారి లేదు. మూలన గుచ్చిన చిన్న బోర్డు అతనికి ఏం ధైర్యం ఇస్తుంది?

పోనీ, ఆ మొదటి పనైనా సరిగ్గా చేస్తుందా? ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 974 కుక్కల వివరాలు సేకరించి 2017లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో ప్రచురించారు. మామూలు కంచె ఉన్న ఇళ్లలో 23 శాతం కుక్కలు ఎప్పుడో ఒకప్పుడు తప్పించుకుపోగా, ఎలక్ట్రానిక్ కంచె ఉన్నచోట 44 శాతం పోయాయి. ఇవి యజమానులు చెప్పిన లెక్కలు. పారిపోయే అలవాటున్న కుక్కలకే ఈ తీగ వేసి ఉండొచ్చు కూడా. అయినా దాదాపు రెట్టింపు తేడాను తోసిపారేయలేం. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. ఉడుత వెంట పరిగెత్తే కుక్క ఆ ఊపులో షాక్ తగిలినా దాటేస్తుంది. వేట ముగిసి, ఉద్రేకం చల్లారి, ఇంటికి తిరిగొచ్చేటప్పుడు అదే షాక్ ఎదురుగా ఉంటుంది. ఇప్పుడు దాన్ని ఓర్చుకునేందుకు ముందు ఉడుత లేదు. తన గుమ్మం కనిపిస్తూనే ఉంటుంది, కుక్క మాత్రం రోడ్డు మీద నిలబడిపోతుంది.

పశువులకూ కరెంటు కంచె వేస్తాం కదా, కుక్కకైతే తప్పేమిటని అడిగేవారున్నారు. ఆవు తీగను చూస్తుంది, మూతి ఆనిస్తుంది, దెబ్బ తింటుంది, దెబ్బ కొట్టింది ఆ తీగేనని తెలుసుకుంటుంది. కుక్కకు ఆ వీలు లేదు. శిక్షణకు తీగ వెంట నాటిన చిన్న జెండాలు కొన్ని వారాల్లో తీసేస్తారు. ఆ తర్వాత మెడ మీద దెబ్బ పడిన క్షణాన దాని కళ్ల ముందున్నది సైకిల్ తొక్కే పిల్లవాడైతే, నొప్పికి కారణం వాడేననుకోవచ్చు. ఇలాంటి కంచెల దగ్గర కుక్కలు మనుషులపై దాడి చేసిన ఐదు కేసులను 2000లో పోల్‌స్కీ అనే పరిశోధకుడు విశ్లేషించాడు. ఐదు కేసులతో సూత్రం కట్టలేం. పైన చెప్పిన 2017 అధ్యయనంలో కాట్ల విషయంలో కంచెకూ కంచెకూ తేడా తేలలేదు, ఆ మాట దాచనక్కర్లేదు. అంటే ప్రతి కుక్కా కరుస్తుందని కాదు. ఏది కరుస్తుందో ముందుగా తెలియదు, తెలియనిదానికి పందెం కాస్తున్నది పక్కింటివాళ్ల పిల్లలతో.

కాలర్ వేయకపోతే ఆ కుక్క గొలుసుకు కట్టుబడేది, లేదా కారు కింద పడేది అనేది ఈ కంచెల తరఫున వినిపించే వాటిలో బలమైన వాదన. ఇంగ్లండ్‌లో షాక్ కాలర్ల నిషేధానికి బ్రిటన్ ప్రభుత్వం నిబంధనలు రాసినప్పుడు, చేత్తో మీట నొక్కే రకాలను నిషేధించాలనుకుని సరిహద్దు కంచెలను వదిలేసింది. మీట యజమాని కోపాన్ని బట్టి పనిచేస్తుంది, తీగకు కోపం రాదు. ఆ తేడా నిజమే. అయితే వేల్స్ 2010లోనే రెండింటినీ కలిపి నిషేధించింది. అక్కడి కుక్కలన్నిటినీ గొలుసులకు కట్టేయలేదు. తీగకూ గొలుసుకూ మధ్య నాలుగడుగుల చువ్వల కంచె ఉంది, పట్టీతో షికారు ఉంది, కుక్క పెరట్లో ఉన్నంతసేపూ మనిషి వెంట ఉండటమూ ఉంది. చివరిది చాలామందికి రుచించదని తెలుసు. షాక్ మరీ అంత ఏమీ ఉండదు, అరచేతిలో పెట్టి చూశామనే వారికి ఒకటే జవాబు. కుక్కను ఆపేంత నొప్పి ఉంటే అది నొప్పే, లేకపోతే కంచె పనిచేయనట్టే.

ఈ కాలర్లు మన దగ్గర కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం తొలి తప్పుకు పడే జరిమానా 50 రూపాయలకు మించదు కాబట్టి భయం ఎవరికీ ఉండదు. ప్రహరీ ఉన్న ఇంట్లో వీటితో పనేమిటన్నది మాత్రం నాకు అంతుపట్టదు. అమెరికాలో అడ్డుపడుతున్నది హెచ్‌వోఏ నిబంధన అయితే, దాన్ని మార్చగలిగేది ఆ కాలనీవాళ్లే. తీగ పూడ్చే మనిషికి ఫోన్ చేసే ముందు ఒక్కసారి ఆ సంఘం సమావేశానికి వెళ్లండి. చూపుకు అడ్డం రాని చువ్వల కంచెకు అనుమతి అడగండి.