పాత ఆటకి కొత్త నగలు

బాల్డర్స్ గేట్ ఆడాలంటే ముందు మోడ్లు వేసుకోవాలనీ, అవి లేకుండా ఆడేవాడు వట్టి అమాయకుడనీ ఒక నమ్మకం స్థిరపడిపోయింది. దీంతో నాకు పేచీ ఉంది. మోడ్లంటే పడక కాదండోయ్. ఏళ్ళ తరబడి వాడుతున్నాను. అసలు మోడ్లు చేసిన పుణ్యాత్ములే లేకపోతే ఈ ఆట ఎప్పుడో అటకెక్కి ఉండేది. నా పేచీ అల్లా వాటిని ఎంచుకునే పద్ధతితోనే.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బాల్డర్స్ గేట్ 1998 డిసెంబర్లో వచ్చింది. కెనడాలోని ఎడ్మంటన్‌లో బయోవేర్ అనే కంపెనీ తయారుచేసింది. రెండో భాగం 2000 సెప్టెంబర్లో, దానికి ముగింపైన 'థ్రోన్ ఆఫ్ భాల్' 2001 జూన్లో వచ్చాయి. బల్ల చుట్టూ కూర్చుని కాగితాలూ పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల్ని కంప్యూటర్లోకి దింపిన ఆట ఇది. ఆరుగురి జట్టు, మంత్రాలు, కత్తులు, వీటన్నిటికంటే ఎక్కువగా మాటలు. ఓ లావుపాటి నవలంత సంభాషణ ఉంటుంది. ఇక మోడ్ అంటారా, కంపెనీవాళ్ళు కాకుండా ఆడేవాళ్ళే ఆటకి చేసుకునే మార్పు. ఒక తప్పు దిద్దడం దగ్గర్నుంచి కొత్త పాత్రని, కొత్త ఊరిని చేర్చడం దాకా ఏదైనా కావచ్చు.

రియాద్‌లో నేను పొట్టకూటికి చేసేది ఇ.ఆర్.పి. కన్సల్టింగ్. అంటే కంపెనీల లెక్కలు, కొనుగోళ్ళు, జీతాలు అన్నిటికీ కలిపి ఒకే సాఫ్ట్‌వేర్ పెట్టించడం. మోడ్‌ని మా వృత్తిలో కస్టమైజేషన్ అంటారు. మొదటి మీటింగులో ఖర్జూరాలూ గాహ్వా అయ్యీ అవకముందే క్లయింటు దాని గురించే ఎత్తుతాడు. "సిస్టం బానే ఉంది గానీ, మా పాతదాంట్లో ఇక్కడో బటన్ ఉండేదండీ..." ఆ బటన్ పెట్టడం ఎంతసేపు? రెండు రోజుల పని. అసలు కథ ఆ తర్వాత ఉంటుంది.

సౌదీలో 2018 జనవరి 1న మొట్టమొదటిసారి వ్యాట్ వచ్చింది, 5 శాతం. 2020 జులై 1న అది ఒక్కసారిగా 15 శాతం అయింది. 2021 డిసెంబర్ 4 నుంచి ఇన్వాయిస్ ఎలక్ట్రానిక్‌గానే ఇవ్వాలన్నారు. 2023 జనవరి నుంచి విడతలవారీగా ఆ ఇన్వాయిస్‌లని పన్నుల శాఖ సిస్టంతో కలపాలన్నారు. ప్రతిసారీ ఒకటే తంతు. సాఫ్ట్‌వేర్‌ని ఉన్నదున్నట్టు వాడుతున్నవాళ్ళు ప్యాచ్ వేసుకుని, పరీక్షించుకుని, ఇంటికెళ్ళిపోయారు. ముచ్చటపడి ఇన్వాయిస్‌ని తమకిష్టమొచ్చినట్టు మార్పించుకున్నవాళ్ళ ఆఫీసుల్లో రాత్రి పన్నెండింటికి కూడా దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆ ముచ్చట ఎవరు, ఎందుకు పడ్డారో చెప్పడానికి పాత మనిషి ఒక్కడూ ఉండడు. ఎగ్జిట్ కొట్టించుకుని కేరళో, కైరోనో వెళ్ళిపోయుంటాడు.

అంచేత ఎవరే మార్పు అడిగినా నేను వేసే ప్రశ్న ఒకటే: ఇది లేకపోతే ఏ పని ఆగిపోతుంది? మోడ్ల దగ్గర కూడా అదే అడగాలంటాను.

అసలు ఈ ఆటకి మోడ్లు ఇంత సులువుగా ఎలా అతుకుతాయో చెబితే నా వాదన తేలిగ్గా అర్థమవుతుంది. ఆట సరుకంతా పెద్ద పెద్ద మూటల్లో ఉంటుంది. దాని పక్కనే 'ఓవర్‌రైడ్' అని ఒక ఫోల్డర్. ఏ ఫైలు కావాలన్నా ఆట ముందు ఆ ఫోల్డర్లో చూసి, అక్కడ దొరక్కపోతేనే మూట విప్పుతుంది. అంటే మూల ఆటని ముట్టుకోకుండానే మన ఫైలు అక్కడ పడేస్తే చాలు. బహు చక్కని ఏర్పాటు. చిక్కల్లా మాటలతో వచ్చింది. ఆటలోని ప్రతి వాక్యానికీ ఒక నంబరుంటుంది, అన్నీ కలిసి ఒకే ఒక్క ఫైల్లో ఉంటాయి. ఇద్దరు మోడర్లు చెరో రకంగా ఆ ఫైలు మార్చి ఇస్తే రెండోది మొదటిదాన్ని మింగేసేది. వెస్లీ వైమర్ అనే కంప్యూటర్ సైన్సు పరిశోధకుడు 'వైడూ' అని ఒక చిన్న పనిముట్టు రాసి దీనికి మందు కనిపెట్టాడు. పూర్తి ఫైలు ఇవ్వకుండా ఏమేం మార్చాలో సూచనలు మాత్రం ఇస్తే, మీ దగ్గరున్న ఫైలుకే ఆ మార్పులు చేస్తుందది. చేసినవన్నీ వరసగా ఒక లాగ్ ఫైల్లో రాసుకుంటుంది. మధ్యలో ఒకటి తీసెయ్యాలంటే దాని తర్వాత వేసినవన్నీ ఊడదీసి, దాన్ని తీసి, మిగతావి మళ్ళీ పేరుస్తుంది. ఇంత శ్రద్ధగా వెనక్కి వెళ్ళే ఇన్‌స్టాలర్ నాకు లక్షల రియాళ్ళు పోసి కొన్న సాఫ్ట్‌వేర్లలో కూడా అరుదుగా కనిపించింది.

ఇంత సులువు కాబట్టే ఎన్నైనా వేసెయ్యొచ్చు అనిపిస్తుంది. 'బిగ్ వరల్డ్ ప్రాజెక్ట్' అని వందల మోడ్లని ఒకే ఆటలో పేర్చే మహాయజ్ఞం ఒకటుంది. దాన్ని కూర్చినవాళ్ళ ఓపికకి దండం పెడతాను. కానీ అలా పేర్చిన ఆటలో ఏ మాట బయోవేర్ రచయితలు రాసింది, ఏది నార్వే కుర్రాడెవరో సెలవుల్లో రాసింది, కొత్తగా వచ్చినవాడికి ఎలా తెలుస్తుంది?

దిద్దుబాట్ల సంగతికొస్తే నాకు రెండో ఆలోచన లేదు. వేసుకోవాల్సిందే. గిబర్లింగ్స్ త్రీ అనే మోడర్ల బృందం రెండో భాగానికి చేసిన ఫిక్స్‌ప్యాక్ ఉంది. పని చెయ్యని మంత్రం, తెగిపోయిన సంభాషణ, రాయాల్సింది ఒకటైతే కోడులో మరొకటైన కత్తి, ఇలాంటివన్నీ ఓపిగ్గా సరిచేశారు. రాసినవాళ్ళు ఏం అనుకున్నారో అది జరిగేలా చెయ్యడమే దాని పని. ఇప్పుడు దొరికే ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్లలో (మొదటి భాగం 2012 నవంబర్, రెండోది 2013 నవంబర్) ఇలాంటి దిద్దుబాట్లు చాలావరకు ముందే కలిపేశారు. మోడర్లలో కొందరు ఆ పనిలో పాలుపంచుకున్నారు కూడా. అదే చేత్తో ఆ ఎడిషన్లలో నీరా, రసాద్, డోర్న్ అని కొత్త పాత్రల్ని దూర్చారు. నా లెక్కలో అదీ ఒక మోడే, కాకపోతే డబ్బిచ్చి కొనే మోడు.

తెర కొలతల విషయం దగ్గర నాకు 'మాయాబజార్' గుర్తొస్తుంది. 1957లో కె.వి. రెడ్డి తీసిన సినిమాకి 2010లో రంగులద్ది, కొత్త సౌండ్ పెట్టి, వెడల్పు తెరకి సర్ది మళ్ళీ విడుదల చేశారు. మనవాళ్ళు చేసిన అతి పెద్ద మోడ్ అదే అనుకోండి. పిల్లలు చూశారు, సంతోషం. కానీ మార్కస్ బార్‌ట్లీ వెలుగునీడల్ని కొలిచి పెట్టింది నలుపు తెలుపుల కోసం. చదరంగా తీసిన బొమ్మని వెడల్పుకి సర్దాలంటే పైనో కిందో కత్తెర పడక తప్పదు. బాల్డర్స్ గేట్‌ది సరిగ్గా తిరగేసిన కష్టం. మొదటి భాగాన్ని 640 బై 480 తెర కోసం చేశారు. వైడ్‌స్క్రీన్ మోడ్ వేస్తే ఏదీ కత్తిరించదు, ఇంకా ఎక్కువ పటం చూపిస్తుంది. ఆ చూపించడంలో మనుషులు చీమలైపోతారు! అందుకని పాత డిస్కులతో ఆడేవాళ్ళకి నేను చెప్పేది, మీ మానిటర్ మొత్తం నింపాలని పంతం పట్టకండి. ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్లో జూమ్ ఉంది కాబట్టి ఆ గొడవ లేదు.

ఇక అసలు తగువంతా మరుగున పడినవాటిని తవ్వి తీసే మోడ్ల దగ్గర. గడువు ముంచుకొచ్చి బయోవేర్ వాళ్ళు వదిలేసిన ముక్కలు ఆట ఫైళ్ళలోనే పడున్నాయి. సంభాషణ ఉంటుంది, అక్కడికి వెళ్ళే దారి ఉండదు. 'అన్‌ఫినిష్డ్ బిజినెస్' అనే మోడ్ అలాంటివాటికి దారి వేస్తుంది. మిన్స్క్ అనే మహావీరుడి దగ్గర బూ అని ఓ హామ్‌స్టర్ ఉంటుంది. అది సూక్ష్మరూపంలో ఉన్న అంతరిక్ష ప్రాణి అని వాడి ప్రగాఢ విశ్వాసం. ఆ బూని ఎవరో ఎత్తుకుపోయే ఉపకథ ఈ మోడ్‌లో ఉంది. సరదాగానే ఉంటుంది. అయితే వదిలేసిన ప్రతిదీ టైము చాలక వదిలేసింది కాదు. బాగాలేదని తీసేసినవీ ఉంటాయి. ఎడిటర్ కత్తిరించిన రీళ్ళన్నీ ఏరుకొచ్చి అతికిస్తే సినిమా బాగుపడుతుందా చెప్పండి?

'అసెన్షన్' సంగతి వేరు. థ్రోన్ ఆఫ్ భాల్ రచయితల్లో ఒకడైన డేవిడ్ గైడర్, ఆట విడుదలయ్యాక కంపెనీతో సంబంధం లేకుండా, చివరి యుద్ధం ఇలా ఉండుంటే బాగుండేదని సొంతంగా చేసిన మోడ్ అది. బాల్తజార్ అనే శత్రువుని మాటలతో మన వైపు తిప్పుకునే వీలు కూడా ఇందులో ఉంది. రచయితే దిద్దుకున్న ప్రతి అన్నమాట. అయినా సరే, అచ్చయిన ముగింపు ఒకసారి చూశాకే దీన్ని ముట్టుకోవాలంటాను. గైడర్‌కి దేని మీద అసంతృప్తో తెలియకపోతే వాడు దిద్దినదాని రుచి తెలియదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'స్వోర్డ్ కోస్ట్ స్ట్రాటజెమ్స్'. ఇది ప్రధానంగా శత్రువుల బుద్ధిని బాగుచేసే మోడ్. మామూలు ఆటలో మనం తలుపు బయట నిలబడి కవచ మంత్రాలన్నీ తీరిగ్గా చదువుకుని లోపలికి వెళ్తాం. లోపలున్న మాంత్రికుడు మాత్రం పాపం బనీనుతో పేపరు చదువుకుంటున్నవాడిలా దొరికిపోతాడు. ఈ మోడ్‌తో వాడూ సిద్ధంగా ఉంటాడు. పక్క గదిలోవాళ్ళు అరుపులు విని పరిగెత్తుకొస్తారు. నియమాలు అవే, మనకున్నవే వాళ్ళకీ. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి! అయినా కొత్తవాళ్ళకి ససేమిరా ఇవ్వను. నియమాలే తెలియనివాడికి ఆ న్యాయం అన్యాయంగానే కనిపిస్తుంది. రెండో గంటలో ఆట మూసేస్తాడు.

ట్వీక్స్ అని ఇంకో రకం ఉన్నాయి. బాణాలు ఎన్నైనా ఒకే అరలో పట్టాలి, నడక వేగం పెరగాలి, ఈ జాతివాడు ఆ విద్య నేర్చుకోగలగాలి, ఇలా డజన్లకొద్దీ. ఇన్‌స్టాలర్ నల్ల తెర మీద ఒక్కొక్కటే చదివి కావాలా వద్దా అని అడుగుతుంది. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాళ్ళు బకెట్లు పట్టుకుని వరసగా వస్తారే, అచ్చం అలా. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టడం చేతకాకపోతే ఇక అంతే. ఒక్కోటి చూస్తే చిన్నదే. ముప్ఫై కలిస్తే ఆటలో ఇబ్బంది అన్నదే మిగలదు, దాంతోపాటు ఆలోచించాల్సిన పని కూడా మిగలదు. బాణాలు అయిపోతాయన్న భయమే గుహలోకి ఎంత దూరం వెళ్ళాలో నిర్ణయిస్తుంది కదా.

ఈ గోలంతా ఎందుకంటే, మా సహోద్యోగి కొడుకు, ఇక్కడే పన్నెండో తరగతి చదువుతున్నవాడు, 2023లో వచ్చిన మూడో భాగం పూర్తిచేసి పాతవి ఆడాలని ముచ్చటపడ్డాడు. ఒక వారాంతం నలభై మోడ్ల జాబితాతో మా ఇంటికి వచ్చాడు.

"అంకుల్, వరస కరెక్టేనా చూడండి."

"ఇందులో నువ్వు ఆడి, ఇది బాలేదనుకుని మారుస్తున్నది ఏదిరా?"

"ఇంకా ఆడలేదుగా అంకుల్. అందరూ ఇవే వెయ్యమంటున్నారు."

అందరూ అంటే ఆ ఆట ఇరవై సార్లు ఆడినవాళ్ళు. ఇరవయ్యొకటోసారికి వాళ్ళకి కొత్తదనం కావాలి, న్యాయమే. వీడికి మొదటిసారే కొత్తదనం. విసుగెత్తినవాళ్ళు రాసుకున్న మందుచీటీ ఆకలితో ఉన్నవాడికి ఇస్తున్నారు. నలభై కొట్టేసి, ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ ఉన్నదున్నట్టు పెట్టించి పంపాను. మొహం మాడ్చుకునే వెళ్ళాడు. మధ్యలో మార్చకూడదని కూడా గట్టిగా చెప్పాను. ఒకసారి తొక్కిన ప్రదేశం స్థితి సేవ్ ఫైల్లోకి ఎక్కిపోతుంది. తర్వాత వేసిన మోడ్ అక్కడ కనపడకపోవచ్చు. ఏదైనా తీసేస్తే వాక్యాల నంబర్లు జరిగి, కత్తి పేరుండాల్సిన చోట ఎవరి డైలాగో ప్రత్యక్షం కావచ్చు. మా వృత్తిలో గో-లైవ్ అయ్యాక ఫ్రీజ్ అంటాం, అదే ఇదీ.

అన్నట్టు, బయోవేర్‌ని 2007లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొంటున్నట్టు ప్రకటించింది. ఆ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ని సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి, మరో ఇద్దరు భాగస్వాములతో కలిసి 55 బిలియన్ డాలర్లకి కొనే ఒప్పందం 2025 సెప్టెంబర్లో ప్రకటించారు. ఎడ్మంటన్‌లో పుట్టిన కంపెనీ పగ్గాలు నేను రోజూ ఆఫీసుకెళ్ళే ఊరి దాకా వచ్చాయన్నమాట. బాల్డర్స్ గేట్ హక్కులు మాత్రం డంజన్స్ అండ్ డ్రాగన్స్ యజమానుల దగ్గర ఉన్నాయి కాబట్టి దానికీ దీనికీ సంబంధం లేదు. యజమానులు ఎన్ని చేతులు మారినా ఇన్నేళ్ళూ దీన్ని కాపాడింది ఒక ఓవర్‌రైడ్ ఫోల్డరూ, జీతం లేని కొందరు మనుషులూ. వాళ్ళ మోడ్ల ఇన్‌స్టాలర్లు దించుకున్నప్పుడు ఏ వెర్షన్ వేశారో, దాన్ని లాగ్ ఫైలుతో సహా ఒక డిస్కులో విడిగా దాచుకోండి. సైట్లు ఉన్నట్టుండి మాయమవుతాయి. మోడర్లు కొత్త వెర్షన్ పెట్టి పాతది తీసేస్తారు.

నా లాగ్ ఫైల్లో ప్రస్తుతం పదకొండు వరసలున్నాయి. పన్నెండోది, ఆ బూ అపహరణ, వెయ్యాలా వద్దా అని రెండు వారాలుగా తర్జనభర్జన పడుతున్నాను.