ఒకటే కారు.. ఇన్ని ధరలా?

ధర్మవరం పట్టుచీరలు కొనేవారికి ఈ కిటుకు కొత్త కాదు. పట్టు ఒకటే, నేత ఒకటే... అంచు పెరిగినా, జరీ మారినా ధర ఎక్కడికో వెళ్లిపోతుంది. కార్లదీ అదే లెక్క!

పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్‌నే తీసుకోండి. 2019 ఆగస్టులో విడుదలైనప్పుడు షోరూం ధర రూ.9.69 లక్షల నుంచి రూ.15.99 లక్షల దాకా పలికింది. పేరు ఒకటే, తేడా ఆరు లక్షల పైనే! హెచ్‌టీఈ, హెచ్‌టీకే, హెచ్‌టీఎక్స్, జీటీఎక్స్... ఇలా అక్షరం మారినకొద్దీ ఇంజిన్, గేర్లు, సీట్లు, హంగులు మారుతూ వచ్చాయి.

అన్నీ సోకులే అనుకోకండి. మొదట్లో కింది రకాల్లో ఎయిర్‌బ్యాగులు రెండే. ఆరు కావాలంటే పైమెట్టు ఎక్కాల్సిందే. 2022లో గానీ ఆ ఆరూ అన్ని రకాలకూ రాలేదు. సెకండ్ హ్యాండ్‌లో పాత బండి చూస్తున్నవారు ముందు అడగాల్సింది ఇదే. సన్‌రూఫ్ సంగతి తర్వాత.

పన్నులోనూ ఓ మెలిక ఉంది. అక్కడే తయారయ్యే సోనెట్ పొడవు నాలుగు మీటర్లలోపే, ఇంజినూ పరిమితిలోపే. అందుకే 2025 సెప్టెంబరు 22 నుంచి దానిపై జీఎస్టీ 18 శాతం. నాలుగు మీటర్లు దాటిన సెల్టోస్‌పై 40 శాతం.

పెనుకొండ, హిందూపురం వాళ్లకి కారు పక్కనే తయారైనా సరే, షోరూం ధరతో ఇంటికి రాదు. లైఫ్ ట్యాక్సు, బీమా, రిజిస్ట్రేషన్ కలిస్తేనే అసలు బిల్లు.

షోరూంకి వెళ్లేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఓ కాగితంపై రాసుకోండి... లేకపోతే కుదరనివి ఓ వైపు, ఉంటే బాగుండేవి మరో వైపు. మొదటి వైపువన్నీ దొరికిన రకం దగ్గరే ఆగండి. హంగుల ముచ్చట ఆర్నెల్లే. వాయిదాలు మాత్రం ఏళ్ల తరబడి!