ఖాళీ కప్పు వాసన

టీ తాగేశాక ఖాళీ కప్పును ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకోండి. చైనాలోని ఫుజియన్‌లో, వూయీ కొండల రాతి సందుల్లో పెరిగే ఊలాంగ్ టీ అసలు సంగతి చెప్పేది అప్పుడే. అందరూ అక్కడి దా హోంగ్ పావ్ అనే ఊలాంగ్ తల్లిచెట్లనే తలుచుకుంటారు. ఆ ఆరు పొదల ఆకును 2006 నుంచి కోయడమే లేదు. నా మనసు మాత్రం చెట్టు కంటే నిప్పు మీదే. బొగ్గుల సెగకు గంటల తరబడి ఓర్చిన ఆకు అది, మన ఓర్పునూ అడుగుతుంది. 100 మిల్లీలీటర్ల మూతగిన్నెలో 7 గ్రాముల ఆకు వేసి, సలసల మరిగే నీళ్లు పోసి, పది సెకన్లకే వంపేయాలి. అదే ఆకుతో ఆరేడుసార్లు. మొదట సెగ, తర్వాత పూలు, చివరికి తడిరాయి వాసన. పాలూ పంచదారా కలిపితే ఈ మెట్లన్నీ మాయమవుతాయి. ఆ వాసనలు ఖాళీ కప్పులో ఇంకా మిగిలే ఉంటాయి, అందుకే నేను కప్పు వెంటనే కడగను.