హైటెక్స్‌లో కామిక్ కాన్ సరే.. చిక్కడపల్లి లైబ్రరీలో ఎందుకు పెట్టకూడదు?

సికింద్రాబాద్: స్పైడర్‌మ్యాన్ డ్రెస్సులు, అనిమే విగ్గులు, సెల్ఫీల కోసం క్యూలు.. హైదరాబాద్‌లో కామిక్ కాన్ అనగానే గుర్తొచ్చేది హైటెక్స్. 2024లో నవంబర్ 15 నుంచి 17 వరకు అక్కడే జరిగింది. విచిత్రం ఏంటంటే, సరిగ్గా అదే వారంలో సిటీలోని సర్కారు లైబ్రరీల్లో ఇంకో పండగ ఉంది. ఏటా నవంబర్ 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. మొదలయ్యేది బాలల దినోత్సవం రోజునే. కానీ ఆ పండగ ఒకటుందని ఎంతమంది పిల్లలకు తెలుసు?

అసలు ఈ రెండూ ఒకేచోట ఎందుకు కలవకూడదన్నదే ఇప్పుడు ప్రశ్న.

బోయిగూడ నుంచి చూస్తే లెక్క సులువుగా అర్థమవుతుంది. టింబర్ డిపోలు, చిన్న షాపులు, ఇరుకు గల్లీల ఏరియా ఇది. ఇక్కడి పిల్లలు హైటెక్స్ వెళ్లాలంటే గాంధీ ఆస్పత్రి స్టేషన్‌లో మెట్రో ఎక్కాలి, పరేడ్ గ్రౌండ్‌లో రైలు మారాలి, హైటెక్ సిటీలో దిగి మళ్లీ ఆటో పట్టాలి. ఆపైన ఎంట్రీ టికెట్. లోపల బొమ్మలు, టీషర్టులు కొనమని పిల్లలు అడగకుండా ఉంటారా? అదే చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీ అయితే నాలుగైదు కిలోమీటర్లే.

ఇదేమీ గాల్లో మాట కాదు. కెనడాలో టొరంటో కామిక్ ఆర్ట్స్ ఫెస్టివల్ 2003లో మొదలైంది. 2009 నుంచి చాలా ఏళ్లపాటు ఆ సిటీ రిఫరెన్స్ లైబ్రరీలోనే జరిగింది, అదీ ఉచితంగా. సినిమా స్టార్ల హడావుడి కంటే బొమ్మలేసేవాళ్లు తమ పుస్తకాలతో టేబుళ్ల దగ్గర కూర్చోవడమే అక్కడ ప్రధానం. అమెరికాలోనూ చాలా పబ్లిక్ లైబ్రరీలు ఒక్కరోజు మినీ కామిక్ కాన్‌లు పెడుతుంటాయి.

మరి మన దగ్గర చూపించడానికి సరుకు లేదా అంటే, కావాల్సినంత ఉంది. 1947లో మొదలైన చందమామను కథల కోసం ఎంతమంది కొన్నారో, శంకర్, చిత్ర, వడ్డాది పాపయ్య బొమ్మల కోసం కూడా అంతమంది కొన్నారు. బాపు బొమ్మలు లేని తెలుగు ఇల్లు ఒకప్పుడు అరుదు. దేశమంతా చూసే ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ స్టూడియోలోనే. నరూటో తలకట్టు కట్టుకున్న కుర్రాడి పక్కన బేతాళుణ్ని మోస్తున్న విక్రమార్కుడి వేషం కూడా కనిపిస్తే చూడముచ్చటగా ఉండదూ!

అయితే చిక్కు వేరే చోట ఉంది. చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లిన ఎవరికైనా అది కనిపిస్తుంది. పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకునే గ్రూప్స్, డీఎస్సీ, పోలీస్ ఉద్యోగాల అభ్యర్థులు. జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ ఏళ్ల తరబడి చదివేవాళ్లు. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న మనిషి పక్కన డోలు వాయిస్తూ సూపర్‌హీరో పరేడ్ తీస్తే అది పండగ కాదు, అన్యాయం. వాళ్ల ఒక్కరోజు చదువు పోయినా నష్టమే. లైబ్రరీ అంటే పరీక్షల రీడింగ్ రూమే అన్నట్టు మారిపోవడానికి తప్పు వాళ్లది కాదు. ఊళ్లో ఫ్రీగా, నిశ్శబ్దంగా కూర్చునే చోటు ఇంకోటి లేదు మరి.

కాబట్టి రీడింగ్ హాళ్ల జోలికి పోకూడదు. దారి లేకపోలేదు. సర్కారు లైబ్రరీలకు సాధారణంగా శుక్రవారం వారపు సెలవు. వేసవిలో స్కూళ్లూ ఉండవు. అంటే మే నెలలో ఒక శుక్రవారం లైబ్రరీ ఆవరణ వాడుకుంటే పాఠకుల చదువుకు పెద్దగా ఇబ్బంది ఉండదు. స్టేజీ, మైకు కావాలంటే అదే చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది.

ఇక డబ్బు సంగతి. ఇంటిపన్ను కట్టే ప్రతి ఒక్కరూ రూపాయికి 8 పైసల చొప్పున లైబ్రరీ సెస్సు కూడా కడుతున్నారు. రసీదులో చూసుకునేవాళ్లే తక్కువ. వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థలకు టైముకు చేరడం లేదన్న ఫిర్యాదు మాత్రం ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. ఒక్కరోజు వేడుకకు పెద్ద ఖర్చేమీ కాదు. టేబుళ్లు, షామియానా, తాగునీళ్లు.. కొంత స్పాన్సర్లు కూడా ఇస్తారు.

అసలు ఖర్చు ఆ మర్నాడు మొదలవుతుంది. వేషం వేసుకుని వచ్చిన బోయిగూడ పిల్ల శనివారం మళ్లీ లైబ్రరీకి వచ్చి, నిన్న చూసిన కామిక్ రెండో భాగం కావాలని అడుగుతుంది. బీరువాలో పోటీ పరీక్షల గైడ్లే కనిపిస్తే ఇంకోసారి రాదు. ఎన్ని తెలుగు బొమ్మల పుస్తకాలు కొంటారో, పిల్లల సెక్షన్‌లో ఎవరిని కూర్చోబెడతారో ముందు తేల్చాలి. షామియానా సంగతి తర్వాత చూసుకోవచ్చు.