తెల్లగీతల దారులు

ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ యాత్ర అనగానే చాలామందికి లువార్ నది వెంట దాదాపు 900 కిలోమీటర్లు సాగే ప్రత్యేక మార్గమే గుర్తొస్తుంది. అది మంచి దారే. కానీ అక్కడి అసలు సంపద మామూలు ఊరి రోడ్లేనని మా అభిప్రాయం. ఆ దేశంలో సుమారు 35 వేల కమ్యూన్లు, అంటే స్థానిక పాలనా విభాగాలు, ఉన్నాయి. ఎంత చిన్న కమ్యూన్ అయినా తన ఊరి రోడ్లను తానే చూసుకోవాలి. అందుకే పదిళ్ల పల్లెకూ తారు రోడ్డు ఉంటుంది. దూరం పోయే కార్లూ లారీలూ చాలావరకు ఆటోరూట్లు, అంటే పెద్ద హైవేలు, పట్టుకుంటాయి. మిషెలిన్ రోడ్డు పటంలో పెద్ద రోడ్లకు ఎరుపు, పసుపు రంగులు. ఈ చిన్నదారులకు తెలుపు. క్రూజ్ ప్రాంతంలో అలాంటి తెల్లగీత ఒకటి ఎంచుకుంటే, నడిమి చార కూడా లేని సన్నని తారు, పక్కన కంచెపొదలు, వాటి వెనుక మేస్తున్న ఎర్రటి లిముజాన్ జాతి ఆవులు.

ఈ దారుల ప్రశాంతత ఊళ్లు ఖాళీ అవడం వల్ల వచ్చిందే కదా, దాన్ని మెచ్చుకోవడమేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. క్రూజ్ జనాభా 19వ శతాబ్దం చివర్లో ఉన్నదాంట్లో ఇప్పుడు సగం కూడా లేదు. రొట్టెల దుకాణం మూతపడిన పల్లెలెన్నో. అయితే జనం తగ్గినంత మాత్రాన దారి సైకిలుకు అనువుగా మారదు. గుంతలు పూడ్చే స్థానిక పాలన కావాలి, చట్టమూ కావాలి. ఊరి బయట సైకిలును దాటే వాహనం కనీసం మీటరున్నర ఎడం పాటించాలని అక్కడి నిబంధన. పైగా ఆ దారిన వచ్చే సైకిలిస్టు ఆకలితో వస్తాడు, రాత్రికి గది అడుగుతాడు. మిగిలిన దుకాణానికి అదీ ఒక బేరమే. కొత్త ప్రత్యేక మార్గాలకు డబ్బు పెట్టే ప్రభుత్వాలు ముందు ఈ పాత రోడ్ల మరమ్మతుకు కేటాయించాలని మేం కోరేది అందుకే.